కంటిని ముట్టుకుని చూడు

ఆమదాలవలస,
బుధవారం రాత్రి

చిరంజీవి బుజ్జికి,

మావయ్య దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మొదట ఎండల గురించి, ఆ తర్వాత నా బీపీ మాత్రల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతి బయటపెట్టింది. "అన్నయ్యా, గరివిడిలో పశువుల డాక్టరు చదివించామా, ఇప్పుడు చీపురుపల్లి రోడ్డులో కోళ్ళు కోసే షెడ్డు పెడతానంటోంది. నువ్వైనా చెప్పు" అని ఏడుపు. చెప్తాలే అన్నాను. ఏం చెప్తానో మాత్రం దానికి చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక ఇంట్లో కూర్చోలేకపోయాను. వీధిలోకి వెళ్ళి, పక్కింటాయన కనబడితే ఆగి మరీ చెప్పాను. మా మేనకోడలు కోడికి నొప్పి తెలియకుండా ముందు షాకిచ్చి, స్పృహ పోయాక కోసే షెడ్డు పెడుతోందండీ అని. ఆయన నవ్వి "సచ్చేదానికి నొప్పేటండీ" అన్నాడు. చీకటి పడేదాకా ఆయనతో వాదించాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే మధ్యలో "తెలుసు మావయ్యా" అంటావు. ఉత్తరంలో అలా అనడానికి వీలుండదు.

అన్నిటికంటే ముందు ఒకటి. రబ్బరు బూట్లు లేకుండా ఆ గదిలో అడుగు పెట్టకు. పెట్టకంటే పెట్టకు. మిగతాది తర్వాత.

కాగితాల గురించి నీకు నేను చెప్పేదేముంది. రోజుకు 50 కోళ్ళ వరకు, ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ సరిపోతుంది, దాటితే 1,000 వరకు రాష్ట్ర లైసెన్సు కావాలి. ఆ లెక్క మంగళవారం చూసి వేసుకోకు, ఆదివారం చూసి వేసుకో. కనుమ రోజునీ, పైడితల్లి పండగ వారాన్నీ కూడా తలుచుకో. పంచాయతీకి ముందే చెప్పు. రక్తం, నీళ్ళు ఎటు పోతాయో అడగకుండా ఎవరూ వదలరు. అడగాలి కూడా.

షెడ్డులో అడ్డంగా ఒక గోడ కట్టించు. 2001 నాటి కబేళా నిబంధనల్లోనే ఉంది, ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదని. మన కొట్లలో జాలీ ముందు, మొద్దు వెనక, మధ్యలో రెండడుగుల జాగా. జాలీలో ఉన్నవి అన్నీ చూస్తూనే ఉంటాయి. చూసి ఏం అనుకుంటాయో నాకు తెలియదు గానీ, కోసే మనిషి జాలీ వైపు చెయ్యి చాపగానే అన్నీ వెనక్కి ఒదిగిపోవడం మాత్రం నా కళ్ళతో చూశాను. గోడ ఖర్చు ఎంత, చెప్పు.

మీ అమ్మ పెళ్ళికి ముందు శ్రీకాకుళంలో నేను ఏడాదిన్నర కొట్టు నడిపాను. నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాసయ్యాక పని దొరక్క పెట్టిన కొట్టు. కోసేవాడు మెడ మీద ఒక గాటు పెట్టి నీలం డ్రమ్ములోకి విసిరేసేవాడు. లోపల దబదబమని కొట్టుకునేది. ఒకదాని మీద ఇంకొకటి పడేది. కొన్నిసార్లు డ్రమ్ము కూడా కాస్త కదిలేది. కొనడానికి వచ్చినవాళ్ళు అటు చూడకుండా పేపరు, రోడ్డు ఏదో ఒకటి చూసుకునేవారు. నేను రేడియో పెంచేవాణ్ణి. అదీ నేను చేసిన జంతు సంక్షేమం.

అందుకని డ్రమ్ము పెట్టకు. స్టీలు గరాటులు చేయించు, గోడకు వరసగా. కోడిని తలకిందులుగా అందులో దించితే రెక్కలు ఒదిగి ఉంటాయి, తల కింది నుంచి బయటికి వస్తుంది. షాకు పెట్టడానికీ కోయడానికీ కుదురుగా ఉంటుంది, ఎముకలు విరగవు. చిన్న కోళ్ళకు ఒక సైజు, మూడు కిలోల వాటికి ఇంకో సైజు. ఒకే సైజు చేయిస్తే చిన్నవి జారి గిజగిజలాడతాయి. మనవైపు ట్రంకు పెట్టెలు చేసేవాళ్ళకు కొలతలిస్తే చేసిపెడతారు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న సంగతి. ఇది మీ అత్తకు కూడా పూర్తిగా చెప్పలేదు.

కొట్టు మూసేశాక హైదరాబాదు పొలిమేరల్లో ఒక చికెన్ ప్లాంటులో చేరాను కదా. పేరు ఎందుకులే. అక్కడ నా డ్యూటీ స్టన్నర్. కోళ్ళను కాళ్ళతో కొక్కేలకు తగిలిస్తారు, గొలుసు కదులుతూ పోతుంది, తలలు నీళ్ళ తొట్టిలో మునుగుతాయి, ఆ నీళ్ళలో కరెంటు. అటు పక్క బయటికి వచ్చేసరికి స్పృహ పోయి ఉండాలి. ఆ తర్వాత మెడ కోస్తారు. తొట్టి పక్కన గోడకు మీటరు. నా పని ఆ మీటరు చూస్తూ ఉండడం.

నేను చేరిన రెండో ఏడు పెద్ద హోటళ్ళ నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. రెక్కల కొసలు ఎర్రగా ఉంటున్నాయి, రొమ్ము మాంసంలో రక్తం చుక్కలు ఉంటున్నాయి, మెడ కింద పంగలాంటి ఎముక విరిగి ఉంటోంది అని. మేనేజరు వచ్చి "కరెంటు ఎక్కువైంది, తగ్గించు" అన్నాడు. తగ్గించాను. ఫిర్యాదులు తగ్గాయి. ఇంకొంచెం తగ్గించు అన్నాడు. ఇంకొంచెం తగ్గించాను. కోళ్ళు తొట్టిలోంచి కదలకుండా చక్కగా బయటికి వస్తున్నాయి. కదలడం లేదు కాబట్టి స్పృహ లేదు అనుకున్నాను. ఎలక్ట్రీషియన్ని కదా, మీటరులో ముల్లు లేస్తే పని అయినట్టే నా లెక్క.

మెడ కోసే చోట పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. చిన్న మనిషి, మాట తక్కువ. ఒక రోజు షిఫ్టు మధ్యలో కత్తి పక్కన పెట్టి నన్ను పిలిచింది. "అన్నా, ఇది నన్ను సూస్తంది" అంది. నేను నవ్వాను. కళ్ళు తెరుచుకునే ఉంటాయమ్మా, షాకు తగిలితే అలాగే ఉంటాయి అన్నాను. అది నిజమే, నీకూ తెలుసు. బాగా షాకు తగిలిన కోడి మెడ వంచి, రెక్కలు ఒంటికి అదిమి, కాళ్ళు బిగబట్టి, కళ్ళు తెరిచి సన్నగా వణుకుతూ ఉంటుంది. కానీ ఆమె వెళ్ళలేదు. తన చూపుడు వేలు కొస తడిపి, వేలాడుతున్న కోడి కంటి మీద మెత్తగా ఆనించింది.

రెప్ప పడింది.

ఇంకో కోడికి ఆనించింది. పడలేదు. మూడోదానికి పడింది. నాలుగోది కొంచెం చిన్న కోడి. దాని తల అసలు తడవనే లేదు. అది మెడ ఎత్తి మా ఇద్దరినీ చూసింది. గొలుసు ఆగదు కదా, మేం చూస్తుండగానే అది కత్తి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మీటరు చూపించేది తొట్టిలో ఉన్న కోళ్ళన్నిటి మొత్తం కరెంటు. ఆరు కోళ్ళు మునిగి ఉంటే, 600 మిల్లీ ఆంపియర్లు చూపిస్తే, తలకు 100 అని నేను అనుకునేవాణ్ణి. కానీ అవి బల్బులు కాదు. ఒక దాని కాలి చర్మం మందం, ఇంకొక దాని కాలు కొక్కేనికి సరిగా ఆనదు, ఒకటి లావు, ఒకటి బక్క. కరెంటు తనకు దారి సులువున్న చోట ఎక్కువ పోతుంది. ఒక దానికి 150 వెళ్తే ఇంకొక దానికి 60 కూడా వెళ్ళదు. ఆ తక్కువ వెళ్ళినది కదలదు. కండరాలు పట్టేస్తాయి గనక కదలలేదు. కానీ దానికి అన్నీ తెలుస్తూ ఉంటాయి. కరెంటు బాధ తెలుస్తుంది, కత్తి తెలుస్తుంది. అరవడానికి కూడా వీలు లేకుండా చేసింది నేను.

యూరప్ వాళ్ళు 2009లో చేసిన నిబంధనల్లో నీళ్ళ తొట్టి పద్ధతికి ఒక్కో కోడికి కనీసం 100 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంది, అదీ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క, 200 లోపు ఉంటేనే. 400 దాటితే 200 మిల్లీ ఆంపియర్లు. మాంసం చెడకుండా ఫ్రీక్వెన్సీ పెంచుకోవచ్చు గానీ దానితో పాటు కరెంటూ పెంచాలి. మా దగ్గర ఫ్రీక్వెన్సీ పెంచారు, కరెంటు దించారు. దించిన చెయ్యి నాదే.

మరి వెంటనే వెళ్ళి మేనేజరుకు చెప్పానా? లేదు. అదే నీకు రాయాలనుకున్నది. అప్పటికి మీ అత్త కడుపుతో ఉంది, ఇంటి అద్దె రెండు నెలలు బాకీ. చెబుదాం, చెబుదాం అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. రోజూ అదే మీటరు ముందు నిలబడ్డాను. ఆమె మాత్రం ఏమీ అనలేదు. రెప్ప పడిన కోడి వస్తే దాన్ని వేరే కోసేది, గబుక్కున, రెండు వైపులా, లోతుగా. తన చేతనైనది తను చేసింది. నాలుగు నెలల తర్వాత, విదేశీ కొనుగోలుదారుల తరఫున ఒక డాక్టరు తనిఖీకి వచ్చి నాలుగు కళ్ళు ముట్టుకుని చూసి లైను ఆపించాడు. అప్పుడు డయలు పైకి తిప్పాను. అప్పుడు కూడా ఒకరు చెబితేనే.

కాబట్టి బుజ్జీ, నీ మెషిన్ ఎంత మంచిదైనా సరే, గంటకు కొన్నిటినైనా నీ వేలితో ముట్టుకుని చూడు. రెప్ప పడకూడదు. పొట్ట కింద, మలద్వారం దగ్గర ఈకలు లయగా కదలకూడదు. కదిలితే ఊపిరి తిరిగి వస్తోందన్న మాట. అలాంటిది కనబడితే కోయకు, మళ్ళీ షాకు పెట్టు. ఆ తర్వాత పని ఆపి ఎందుకలా జరిగిందో చూడు. జనం వరసలో నిలబడి ఉంటే ఉండనీ.

నువ్వు చిన్న షెడ్డు పెడుతున్నావు కాబట్టి తొట్టి వద్దు. పట్టుకారులా రెండు కొసలతో తలకు మాత్రమే పట్టే చేతి స్టన్నర్ తీసుకో. ఒక్కొక్క దానికి ఎంత వెళ్తోందో మీటరులో నిజంగా కనబడుతుంది. అందులో కనీసం 240 మిల్లీ ఆంపియర్లు ఉండాలి. పట్టు కంటికీ చెవికీ మధ్య రెండు వైపులా కూర్చోవాలి. ఈకలు తడిగా ఉండాలి. పట్టు కొసలకు రక్తం, ఈకలు అట్టకట్టి ఉంటే కరెంటు వెళ్ళదు. తీగ బ్రష్షుతో తరచూ రుద్దు. ఈ పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. బిగబట్టడం అయ్యాక కోడి కాళ్ళూ రెక్కలూ కొట్టుకుంటుంది. చూసేవాళ్ళు "అయ్యో, బతికే ఉంది" అంటారు. దానికి అప్పుడు ఏమీ తెలియదు. నా ప్లాంటులో కదలనిదానికి తెలుసు, నీ గరాటులో కొట్టుకునేదానికి తెలియదు. ఇది జనానికి అర్థమయ్యేలా చెప్పడం నీకే కష్టం. తలకు మాత్రమే ఇచ్చిన షాకు కాసేపటికి దిగిపోతుంది, కోడి మళ్ళీ లేస్తుంది. కాబట్టి పట్టు తీసిన చేత్తోనే కత్తి అందుకోవాలి. 10 సెకన్లలో గాటు పడాలి, 15 దాటనివ్వకు. మెడకు రెండు వైపులా ఉన్న రక్తనాళాలు తెగాలి. కోశాక కనీసం 90 సెకన్లు అలాగే వదిలెయ్యాలి, ఆ తర్వాతే వేడినీళ్ళు. ఊపిరి ఉన్న కోడి వేడినీళ్ళలో పడటం నేను ఒకసారి చూశాను. దాని గురించి రాయను.

ఈ షాకుతో కోడి చావదు, మళ్ళీ లేస్తుంది కాబట్టే ముస్లిం పెద్దల్లో దీన్ని హలాల్‌గా ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నువ్వే వెళ్ళి మసీదులో పెద్దలను కలువు. వాళ్ళ ముందు ఒక కోడికి షాకు పెట్టి, అది లేచి నిలబడే దాకా చూపించు. వద్దంటే వాళ్ళ కోళ్ళు వాళ్ళ పద్ధతిలోనే కోయించు, కత్తి మాత్రం పెద్దదీ, పదునైనదీ నువ్వే ఇవ్వు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా మతపద్ధతి ప్రకారం చంపడాన్ని నేరం అనలేదు. చాటుగా ఏదో చేసి బోర్డు మీద ఇంకేదో రాయకు. మన ఊళ్ళు చిన్నవి.

మళ్ళీ బూట్ల దగ్గరికి వస్తాను. నేల తడి, గోడ తడి, నీ చేతులు తడి. కోడి తలకు పెట్టే ఆ 240 మిల్లీ ఆంపియర్లు మనిషి ఛాతీ గుండా వెళితే ప్రాణం తీయడానికి చాలు. "ఆర్‌సీసీబీ పెట్టించాను మావయ్యా" అంటావు. కరెంటు లీకైతే పడిపోయే ఆ స్విచ్చి పెట్టించు, 30 మిల్లీ ఆంపియర్లది. కానీ మంచి స్టన్నర్లలో లోపల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది లోపలి కరెంటును గోడ కరెంటు నుంచి విడదీస్తుంది కాబట్టి దాని అవతల జరిగేది గోడ మీద ఉన్న ఆర్‌సీసీబీకి కనబడదు. నువ్వు రెండు కొసలూ పట్టుకుంటే అది పడిపోదు, నువ్వు పడిపోతావు. ప్లాంటులో మా కుర్రాడు ఒకడు పట్టు తుడుస్తూ, ఇంకొకడు తెలియక స్విచ్చి నొక్కితే, గోడకు విసిరేసినట్టు పడ్డాడు. బతికాడు. ఇప్పటికీ కుడిచేతి రెండు వేళ్ళు మడవలేడు. తుడిచేటప్పుడు ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును నీ జేబులో పెట్టుకో. నవ్వకు. వైరు పొడుగు ఉంటే పీకిన ప్లగ్గు జేబులోకి వస్తుంది, నేను అలాగే చేసేవాణ్ణి. ఎవరైనా బల్బు, రెండు వైర్లు, ఒక క్లిప్పు పెట్టి రెండొందల్లో స్టన్నర్ చేసిస్తామంటే గుమ్మంలోంచే పంపెయ్యి.

ఇంకో సంగతి నీ పుస్తకాల్లో ఉండదు. మన ఊళ్ళలో సాయంత్రమైతే, వేసవి మధ్యాహ్నం మోటార్లు ఆన్ చేస్తే ఓల్టేజీ పడిపోతుంది. ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, అంతే కదా అనుకుంటాం. అదే సమయంలో నీ స్టన్నర్‌లో కరెంటు కూడా పడిపోతుంది. మళ్ళీ నా పాత ప్లాంటు కథే. స్టెబిలైజరు, యూపీఎస్ రెండూ పెట్టు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో షెడ్డు మూసెయ్యి. నీ బోర్డు మీద రాసుకున్నది చేయలేని రోజు అమ్మకు.

ఎండ సంగతి నీకు తెలుసు. కోళ్ళను తెల్లవారుజామునే దింపించు, నోరు తెరుచుకుని ఎగరోజుతుంటే ముందు నీళ్ళు, ఫ్యాను, కాసేపు విశ్రాంతి. మేత ముందు రాత్రే ఆపించు, నీళ్ళు మాత్రం ఆపొద్దు. కాళ్ళు కట్టి స్కూటరుకు వేలాడదీసి తెచ్చేవాడి దగ్గర కొనకు, ఎంత తక్కువకిచ్చినా.

నీకు ఏడేళ్ళప్పుడు, వేసవి సెలవులకు వచ్చినప్పుడు, మా అరుగు మీద కోడిపిల్లలను వెల్లకిలా పడుకోబెట్టేదానివి. ఛాతీ మీద వేలు కాసేపు ఉంచితే అది కదలకుండా ఉండిపోయేది. వరసగా ఐదింటిని పడుకోబెట్టి "మావయ్యా, నిద్రపుచ్చాను" అని అరిచావు. మీ అమ్మమ్మ కూడా మురిసిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. అవి నిద్రపోలేదు, భయంతో కొయ్యబారిపోయాయని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. నువ్వు కాలేజీలో చదువుకునే ఉంటావు, దానికేదో పేరు కూడా ఉండి ఉంటుంది. నిన్ను తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఆ రోజు ఆ పిల్లల మీద నువ్వు తువ్వాలు కూడా కప్పావు, చలేస్తుందేమోనని. మే నెలలో.

మీ అమ్మకు ఫోన్ చేసి, నేను వద్దన్నానని చెప్పకు, సరే అన్నానని కూడా చెప్పకు. వచ్చి మాట్లాడతాను. షెడ్డుకు కరెంటు ఇచ్చే రోజు ముందుగా చెప్పు, పొద్దున పాసింజరుకు దిగుతాను. నా పాత మీటరు తీశాను, అట్టపెట్టెలోనే ఉంది. బ్యాటరీ మార్చించాలి. బూట్లు నీ సైజు ఎంతో రాయి. ఇక్కడ బజారులో మోకాలి దాకా వచ్చేవి చూసి పెట్టాను. నలుపు ఒకటే రంగు ఉంది, పేచీ పెట్టకు.

మావయ్య